మాటల మీద నడిచే మోపెడ్

పొద్దున లేవగానే ఎలీషబా చేసే మొదటి పని కుట్టుమిషన్ మీద కప్పిన గుడ్డ తీసి దులపడం. రెండో పని వంటింట్లోకి పోయి, మొగుడు సర్దిపెట్టినదంతా మళ్లీ తనకు వీలుగా చెదరగొట్టుకోవడం. ఆ కరోనా ఎండాకాలం మార్కాపురంలో బడులు మూసేశారు, బట్టల కొట్లు మూసేశారు, పలకల ఫ్యాక్టరీలు మూసేశారు. దాంతో పెళ్లయినాక మొదటిసారి ప్రభుదాస్ పగటిపూట ఇంట్లో ఉండిపోయాడు.

అతనిది ఫ్యాక్టరీలో పలకలు ఏరే పని. ఏది గట్టిది, ఏది పగిలింది, ఏది ఏ సైజు అని చూసి వేరువేరు దొంతర్లు పెట్టడం. ఫ్యాక్టరీ మూసినా చేతులకు ఆ అలవాటు పోలేదు. తెల్లారకముందే లేచి ఎర్రగడ్డల్ని పెద్దవి, చిన్నవి, మచ్చవి అని విడివిడిగా గంపల్లోకి ఏరేవాడు. పళ్లేలను సైజు వారీగా గోడకు ఆనించి నిలబెట్టేవాడు. చింతపండులో పీచు ఒక డబ్బాలోకి, పిక్కలు ఇంకో డబ్బాలోకి పోయేవి. ఒకరోజు కందిపప్పు చేటలో పోసుకుని, పెద్ద బద్దలు ఒక పక్కకీ చిన్న బద్దలు ఒక పక్కకీ తోస్తూ కనిపించేసరికి ఎలీషబా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా ఇది? పప్పులో కూడా ఫస్టు రకం, సెకండు రకం ఉంటాయా? కుక్కర్లో వేస్తే అన్నీ ఒకటే గదా!"

ప్రభుదాస్ తలెత్తి చూశాడు. చూసి, మళ్లీ తల దించి ఏరుకున్నాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో అసలు గొడవ.

ఆ గొడవ లాక్‌డౌన్‌కి ముందే చర్చి పెద్దల దాకా పోయింది. ప్రార్థన అయిపోయాక ఎలీషబా లేచి, నాకు ఈ మనిషితో కాపురం చేతకాదు, పుట్టింటికి పోతానని చెప్పేసింది. పెద్దాయన కరుణాకరం గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"తాగొచ్చి కొడతాడా తల్లీ?"

"లేదు పెద్దయ్యా."

"చెడు తిరుగుళ్లేమన్నా ఉన్నాయా?"

"అయ్యో, లేదు పెద్దయ్యా."

"మరేందమ్మా నీ బాధ?"

"మాట్లాడడు."

పక్కన కూర్చున్న కరుణాకరం గారి భార్య కిసుక్కున నవ్వింది. "మాట్లాడని మొగుడా! మా ఆయన్ని నువ్వు తీసుకుపోమ్మా, నీ మొగుణ్ణి నాకిచ్చిపో" అంది. చాప మీద కూర్చున్న వాళ్లంతా గొల్లుమన్నారు. ఎలీషబాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లయి ఆరేళ్లు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో తన గొంతు తనే వింటూ బతుకుతోంది. ఏదన్నా అడిగితే తల ఊపుతాడు, అడగకపోతే అదీ లేదు. పేరు పెట్టి పిలవడు, దగ్గుతాడు. అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండించేది ఇంకొకటి ఉంది. కూర కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాక వేలి కణుపులతో పళ్లెం అంచు మీద టకటకమని రెండు దెబ్బలు కొడతాడు. ఆమె విసురుగా వచ్చి ఇంకో గరిటె వడ్డిస్తుంది. అతను నోరెత్తకుండా అదీ తింటాడు.

"నేనేమన్నా హోటల్లో పనిమనిషినా పెద్దయ్యా, పళ్లెం కొట్టి పిలిచేదానికి? నోరు తెరిచి 'ఇంకొంచెం పెట్టు' అంటే అరిగిపోతాడా?" అని ఎలీషబా అందరి ముందూ ఏడ్చేసింది. నవ్వులు ఆగిపోయాయి. వచ్చే ఆదివారం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేలుద్దామన్నారు కరుణాకరం గారు.

ఆ ఆదివారమే జనతా కర్ఫ్యూ వచ్చింది. దాని వెనకే లాక్‌డౌన్ వచ్చింది. గిద్దలూరు అవతల పుట్టింటికి పోవడానికి సర్దుకున్న పెట్టె సర్దింది సర్దినట్టే మంచం కింద ఉండిపోయింది. దారులు తెరిచిన రోజున పోతానని ఎలీషబా మొగుడికి చెప్పేసింది. ప్రభుదాస్ తల ఊపాడు.

ఆ తల ఊపుడు చూస్తే ఆమెకు ఇంకా దుఃఖం వచ్చింది. పోవద్దని అనకపోయినా పర్లేదు, పోతే పో అని అయినా అనొచ్చు గదా.

అలాగని ప్రభుదాస్ మూగవాడు కాదు. అతని నాయన పాల్ రాజు ఊరూరా తిరిగి సువార్త చెప్పిన మనిషి. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న మాటలన్నీ ఆయనే వాడేసేవాడు, కొడుక్కి మిగిల్చేవాడు కాదు. ఏ కాసిన్నో మిగిలినా అవి ఫ్యాక్టరీలో పోయాయి. రాయి కోసే మిషన్ల చప్పుడులో అరిచినా వినపడదు, నోరు తెరిస్తే రాతిదుమ్ము లోపలికి పోతుంది. అక్కడ అందరూ మూతికి గుడ్డ కట్టుకుని, చెప్పాల్సింది చేతులతోనే చెప్పుకుంటారు. ఊరంతా మాస్కు కట్టుకోలేక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే ప్రభుదాస్‌కి మాత్రం అందులో కొత్తేమీ కనపడలేదు.

పాల్ రాజు పోతూ కొడుక్కి వదిలిపోయిన ఆస్తి ఒక పాత మోపెడ్. అది మాటల మీద నడుస్తుంది. ఆయన బతికున్న రోజుల్లో దాని మీద కూర్చుని వాక్యం మొదలుపెడితే దోర్నాల దాకా ఆగేది కాదు. ఆయన పోయాక కొడుకు దాన్ని బయటికి తీశాడు గానీ సందు మలుపు కూడా దాటించలేకపోయాడు. మెకానిక్ ఆనంద్ దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, "బండిలో ఏ లోపమూ లేదన్నా. మీ ఇంట్లోనే సరుకు లేదు" అని తేల్చాడు. అప్పటినుంచీ అది గోనెపట్టా కప్పుకుని వసారాలో ఉండిపోయింది. ప్రభుదాస్ నడిచి పనికి పోయేవాడు.

ఏప్రిల్‌లో కురిచేడు చర్చి వాళ్లు మాస్కులు కావాలని ఎలీషబాకు కబురు పెట్టారు. ఆమె పాత చీరలు కత్తిరించి సంచి నిండా కుట్టింది. పంపడానికి బస్సుల్లేవు, ఆటోల్లేవు. మాస్కుల పని కాబట్టి పోయి రావడానికి పాసు మాత్రం ఇచ్చారు. ఎలీషబా గోనెపట్టా లాగి అవతల పారేసింది.

"ఎక్కు. నువ్వు నడుపు, నేను మాట్లాడతా. ఎట్లాగూ ఈ ఇంట్లో ఆ పని నాదే గదా" అంది వెనక సీటు మీద కూర్చుంటూ. ఆ ఒక్క మాటకే మోపెడ్ గుర్రుమని లేచింది.

ఊరి చివర పోలీసులు తాడు కట్టి ఆపారు. ఒక కానిస్టేబుల్ పాసు చూశాడు, సంచి చూశాడు, ఎలీషబా గడ్డం కింద వేలాడుతున్న మాస్కు చూశాడు.

"మాస్కు పైకి పెట్టుకోమ్మా."

"మూతి మూస్తే మైలేజీ రావడంలేదన్నా."

అతను మోపెడ్ వైపు చూసి కాసేపు ఆలోచించాడు. "పల్చటి గుడ్డతో కుట్టుకో మరి. ముక్కు మాత్రం కనపడగూడదు" అని తాడు దించాడు.

దొనకొండ దాటే దాకా ఎలీషబా ఒక్కతే లాక్కొచ్చింది. చిన్నప్పటి బడి, తమ్ముడి అల్లరి, మేనత్త పెళ్లిలో పప్పు మాడిన సంగతి, అన్నీ చెప్పింది. ఆ తర్వాత చిన్న ఎత్తు వచ్చింది. మోపెడ్ మూలిగింది, నడక కంటే నెమ్మదైంది. పాల్ రాజు గొంతు ఒక్కటే ఇద్దరి పెట్టు. మామూలు మనుషులైతే చదును మీద ఒకరు మాట్లాడితే చాలు గానీ ఎత్తెక్కాలంటే ఇద్దరూ మాట్లాడాలి. ఎలీషబా మొగుడి వీపు మీద పొడిచింది.

"ఏదన్నా అను. ఏదన్నా!"

ప్రభుదాస్ మెడ మీద చెమట పట్టింది. అటు చూశాడు, ఇటు చూశాడు. "రాయి" అన్నాడు.

"ఏంది?"

"ఆ రాయి. ఆ చేలో ఉండేది. మంచి రాయి."

మోపెడ్ ఒక్క ఊపున ఎత్తెక్కేసింది. ఎలీషబా పడబోయి అతని చొక్కా పట్టుకుంది.

అట్లా మొదలైన తిరుగుడు మే నెలంతా సాగింది. ఎలీషబా మాస్కులకు పేరొచ్చింది. మాట్లాడినా ఊపిరాడుతుందని జనం అడిగి మరీ తీసుకునేవాళ్లు. పామూరు పోయారు, చంద్రశేఖరపురం పోయారు, ఎండకు తారు మెత్తబడిన రోడ్ల మీద ఖాళీ ఊళ్లు దాటుకుంటూ పోయారు. వచ్చేటప్పుడు చేలల్లో అమ్ముడుపోని పుచ్చకాయలు తెచ్చుకునేవాళ్లు. ప్రభుదాస్ వేలి కణుపుతో కొట్టి తీసిన కాయ ఒక్కటి కూడా లోపల తెల్లగా తేలలేదు. అతను కాయలు ఏరుతుంటే చేను వాళ్లు కూడా మూగి చూసేవాళ్లు.

ఒక్కటే చిక్కు. ఆ బండికి పాతమాట పనికిరాదు. ఒకసారి చెప్పిందే రెండోసారి చెబితే నల్లగా పొగ కక్కేది. పామూరు దారిలో మేనత్త పెళ్లి పప్పు మళ్లీ చెప్పబోయి ఇద్దరూ దగ్గుతూ దిగాల్సి వచ్చింది. దాంతో ఎలీషబాకు పైపైన ఉన్న కబుర్లు అయిపోయి, అడుగున ఉన్నవి తీయక తప్పలేదు. నర్సు చదవాలనుకున్న సంగతి చెప్పింది. పెళ్లిచూపుల్లో అతను మాట్లాడకపోతే మర్యాదస్తుడనుకుని మురిసిపోయిన సంగతి చెప్పింది. ప్రభుదాస్ ఊకొట్టేవాడు. ఎత్తు వచ్చినప్పుడల్లా రాళ్ల గురించి చెప్పేవాడు. ఏ రాయి పొరలు పొరలుగా విడుస్తుందో, ఏ రాయికి నీరు పడితే రంగు తేలుతుందో ఒకటొకటిగా చెబుతుంటే ఎలీషబాకు నిజంగానే వినాలనిపించేది.

కానీ ఇంటికొచ్చి స్టాండు వేయగానే అతని నోరు టపీమని మూతపడేది. ఒకరోజు ఆమె పట్టలేక, అతన్ని వసారాలో స్టాండు వేసిన బండి మీదే కూర్చోబెట్టి, తను వెనక కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు. ఇవాళ కూర ఎట్లుంది?"

అతను ముందు చక్రం వైపు చూస్తూ, "నల్లరాయికంటే బూడిదరాయి మెత్తన" అన్నాడు. వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగింది. ఆ గాలికి ఆరేసిన బట్టలు రెపరెపలాడాయి. పక్కింటి విజయలక్ష్మి గోడ మీంచి చూసి, "మా దుప్పట్లు కూడా ఆరేసుకుంటా, ఇంకాసేపు మాట్లాడుకోండి వదినా" అంది.

ఎలీషబా దిగి లోపలికి పోయింది. ఆమెకు అప్పుడు బాగా అర్థమైంది. ఈ మనిషి మాట్లాడేది బండి కోసం, తన కోసం కాదు. బండి ఎక్కితే రాళ్లు, దిగితే మౌనం. మంచం కింది పెట్టె ఒకసారి ముందుకు లాగి, దుమ్ము తుడిచి, మళ్లీ లోపలికి నెట్టింది. ఆ రోజు అన్నం తింటూ ప్రభుదాస్ పళ్లెం మీద టకటకమన్నాడు. ఆమె గరిటెడు కూర దబ్బున వేసింది.

జూన్‌లో దారులు తెరిచారు. మర్నాడే పుట్టింటి నుంచి పుష్పమ్మ ఫోన్ చేసింది. కూతురు ఎప్పుడొస్తుందా అని ఆ తల్లి రెండు నెలలుగా కాచుకుని ఉంది.

"వచ్చేయమ్మా ఇంక. బస్సెక్కొద్దు, రోగం అంటుకుంటాది. అల్లుణ్ణే దింపిపొమ్మను."

"ఆయన్ని వదిలేసి వస్తంటే ఆయన్నే దింపమంటావా అమ్మా?"

"మరింకెవరున్నారే? ఆ బండి మన దగ్గరుంటే నీ నోటికి నేను బెంగుళూరు పోయొచ్చేదాన్ని."

ప్రభుదాస్ తల ఊపాడు. పొద్దున్నే బండి తుడిచాడు. పెట్టెను వెనక, సీటుకు ఆనించి, తాళ్లతో గట్టిగా బిగించాడు. లాగి చూశాడు, మళ్లీ బిగించాడు. అంత జాగ్రత్తగా కడుతుంటే ఎలీషబా గుమ్మంలో నిలబడి చూసింది. ఈ జాగ్రత్తలో సగం నోటికి పెట్టి ఉంటే ఈ పెట్టె కట్టే పనే లేకపోయేది గదా అనుకుంది.

బయల్దేరగానే ప్రభుదాస్ తనంతట తానే మొదలుపెట్టాడు. తర్లుపాడు దాకా బావుల్లో పడే రాయి గురించి చెప్పాడు. కంభం దాకా కొండల్లో దొరికే రాయి గురించి చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు, ఒక్కటి కూడా పాతది కాదు. మోపెడ్ నల్లేరు మీద బండిలా పోతోంది. ఎలీషబాకు అనుమానం వచ్చింది.

"ఇన్ని యాడ పెట్టుకున్నావు? మొన్న కొండెక్కుతా కూడా ఇవి చెప్పలేదే?"

"దాచిపెట్టినా."

"దేనికి?"

"నువ్వు ఊరికి పోయేటప్పుడు బండి దారిలో ఆగగూడదని."

ఎలీషబాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనిషి తనను పంపించేయడానికి నెలరోజులుగా మాటలు కూడబెట్టాడు. ఉండమని అడగడానికి మాత్రం ఒక్కటీ మిగల్చలేదు. ఆమెకు కోపమొచ్చి నోరు మూసుకుంది. ఆమె ఊకొట్టకపోయేసరికి అతనూ తడబడి ఆగిపోయాడు. బేస్తవారిపేట దాటి కాస్త దూరం పోయి మోపెడ్ ఎండలో చప్పుడు లేకుండా నిలబడిపోయింది.

రోడ్డు పక్కన నీడలో ఒక ముసలామె గంప ముందు పెట్టుకుని నేరేడు పళ్లు అమ్ముతోంది. ఆమె పేరు శ్రీశైలమ్మ. నల్లమల గూడెం నుంచి దిగి వచ్చి రోజూ అక్కడే కూర్చుంటుంది.

"బండి ఆగిందా నాయనా, మాట ఆగిందా?" అని అడిగింది.

"మాటే అవ్వా" అంది ఎలీషబా.

"అయితే పళ్లు తినండి. నోరు తడైతే అదే వస్తాది." మోదుగాకు దొన్నెల్లో పళ్లు పోసి ఇద్దరికీ ఇచ్చింది.

ఇద్దరూ ఎడంగా నిలబడి తిన్నారు. ప్రభుదాస్ ఒక పండు నోట్లో వేసుకున్నాడు, రెండోది వేసుకున్నాడు. కళ్లు మూసుకుని గింజ ఉమ్మేసి, బండి ట్యాంకు మీద వేలి కణుపులతో టకటకమని కొట్టాడు. శ్రీశైలమ్మ వెంటనే ఇంకో గుప్పెడు పళ్లు తీసి అతని దొన్నెలో పోయబోయింది.

అంతే, ఎలీషబాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదిగో! ఇదే! పరాయి ఊళ్లో ముసలామెను కూడా బండి కొట్టి అడగతావా? నోరు లేదా నీకు? ఇంకొన్ని కావాలంటే కావాలని అడుగు!"

ప్రభుదాస్ నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది. "నాకు ఇంకొన్ని వద్దు" అన్నాడు.

"మరెందుకు కొట్టినావు?"

"బాగున్నాయని."

"ఏంది?"

అతను ఆమెను వింతగా చూశాడు. అందరికీ తెలిసిన సంగతి అడుగుతున్నట్టు చూశాడు. "పలకను కణుపుతో కొడితే ఖంగుమంటే మంచిది గదా. లోపల పగులుంటే బొదబొదమంటాది. ఫ్యాక్టరీలో రెండు దెబ్బలు కొట్టినామంటే బాగుంది, యాడా వంక లేదు అని. మా వాళ్లంతా అట్లనే చెప్పుకుంటారు. నీకు తెలీదా?"

"నాకెట్ల తెలుస్తాది?"

"రోజూ చెప్తనే ఉన్నా గదా."

ఎలీషబా చేతిలో దొన్నె వంకర పోయింది. రోజూ. ఆరేళ్లు. పప్పుచారు మీద, గోంగూర మీద, మాడిపోయిన ఉప్మా మీద కూడా. పళ్లెం కొట్టి పిలవని పూట లేదని ఏడ్చిన మనిషి, తన వంటకు వంక లేదని అతను చెప్పని పూటే లేదని ఇప్పుడు వింటోంది.

"మరి నేను మళ్లీ మళ్లీ వడ్డిస్తంటే వద్దనలేదేంది?"

"మెచ్చుకుంటే సంతోషమై ఇంకో గరిటె పెడతన్నావనుకున్నా. నువ్వు అంత సంతోషంగా పెడతంటే ఎట్ల వద్దంటా?" ప్రభుదాస్ తన పొట్ట వైపు చూసుకున్నాడు. "కష్టంగానే ఉండేది."

"సంతోషమా! దబ్బున వేసేదాన్ని గదయ్యా!"

"సంతోషంలో చెయ్యి అట్ల ఊగతాదేమోననుకున్నా."

శ్రీశైలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఎలీషబాకు కూడా నవ్వు వచ్చింది, దాంతోపాటు కళ్లనీళ్లూ వచ్చాయి. అవి ఆగడానికి కాసేపు పట్టింది. ఈలోపు మోపెడ్ దానంతటదే గుర్రుమనడం మొదలుపెట్టింది.

ఇద్దరూ ఎక్కారు. పెట్టె కూడా ఎక్కే ఉంది. తల్లి అన్నం వండి ఎదురు చూస్తూ ఉంటుంది, చెప్పిన మాట చెప్పినట్టు పోవాలి. పళ్లెం సంగతి తేలినంత మాత్రాన ఆరేళ్ల మౌనం మాయమైపోదని ఎలీషబా తనకు తాను గట్టిగా చెప్పుకుంది. నిజమే మరి. రెండు దెబ్బలు కొట్టడం మాట్లాడటం కాదు గదా. అదే పైకి కూడా అంది.

"అదొక్కటే మాటా? పేరు పెట్టి పిలవడానికేం రోగం?"

"నీ పేరు పిలవాలంటే నాకు సిగ్గు."

"ఆరేళ్ల పెళ్లానికా!"

"పెళ్లికి ముందు శానాసార్లు పిలుచుకున్నా. లోపల. పైకి ఎట్ల వస్తాదో ఏమోనని." అతను గొంతు సవరించుకున్నాడు. అది దగ్గే అనుకుంది ఎలీషబా. దగ్గు తర్వాత, "ఎలీషబా" అన్నాడు.

మోపెడ్ ఎంత జోరుగా ఉరికిందంటే గిద్దలూరు బజారులో ఒక కానిస్టేబుల్ ఈల వేస్తూ లాఠీ ఊపాడు. వాళ్లకు వినపడలేదు. ప్రభుదాస్ రాళ్లు వదిలేసి నాయన గురించి చెబుతున్నాడు. చిన్నప్పుడు ఏదన్నా అడగబోతే ఆయన వాక్యం పూర్తయ్యేలోపు తను ఏం అడగాలనుకున్నాడో మరిచిపోయేవాడట. ఎలీషబా అయ్యో అంటోంది, నవ్వుతోంది, మధ్యలో అతని మాట అందుకుంటోంది. ఊరు దాటారు. రోడ్డు పక్కన చెట్ల వెనక పుట్టినూరి పెంకుటిళ్లు కనపడ్డాయి. ఎలీషబా మాట ఆగింది. ప్రభుదాస్ మాట కూడా ఆగింది.

మోపెడ్ నెమ్మదించింది.

రోడ్డు వారనే పుష్పమ్మ ఇల్లు. గేటు బయట ఒక బకెట్ నీళ్లు, సబ్బు పెట్టుకుని, మూతికి మాస్కు కట్టుకుని నిలబడి ఉంది. కాళ్లూ చేతులూ కడిగించకుండా లోపలికి రానిచ్చే మనిషి కాదు. కూతుర్ని చూసి చెయ్యెత్తింది. వెనక ఇంట్లోంచి తమ్ముడి గొంతు, మరదలి గొంతు, టీవీ గొంతు ఒక్కసారే వినపడుతున్నాయి. ఆ ఇంట్లో ఎప్పుడూ అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఎలీషబా ఊరుకుంటే చాలు. నోరు మెదపకుండా కూర్చుంటే బండి సరిగ్గా గేటు ముందుకు పోయి దానంతటదే ఆగుతుంది. దిగి, పెట్టె విప్పుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి పోవడమే.

ప్రభుదాస్ బ్రేకు మీద చెయ్యి వేశాడు. వేసి, తల కొద్దిగా వెనక్కి తిప్పాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పెద్దల ముందర పళ్లెం సంగతి చెప్పినావు. మాట్లాడడని చెప్పినావు" అన్నాడు. "నా మీద ఇంకా ఏమన్నా ఉన్నాయా, ఎలీషబా?"

ఈ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెద్దలు కొడతాడా అని అడిగారు, తాగుతాడా అని అడిగారు. అమ్మ ఎప్పుడొస్తావని అడిగింది. ఇంకా ఏమున్నాయని, ఉన్నవన్నీ చెప్పమని, వినడానికి చెవి ఒగ్గి అడిగిన మనిషి ఒక్కరూ లేరు. అడగాల్సినవాడు అడిగాడు. ఇక నోరు మూసుకుని కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"ఉన్నాయా అని అడగతావా?" అంది. మోపెడ్ ఎగిరి దూకింది. "ఉన్నాయా! మొన్న నా పోపుల డబ్బా ఎవరు సర్దమన్నారు నిన్ను? ఆవాల్లో పెద్దావాలు, చిన్నావాలా? నాకు జ్వరమొచ్చినప్పుడు తలాపున రాత్రంతా కూర్చున్నావు సరే, ఎట్లుందని ఒక్కమాట అడిగినావా? మా తమ్ముడి పెళ్లిలో ఫోటోకు నిలబడమంటే..."

"నిలబడినా గదా!"

"గోడ పక్కన నిలబడినావు! నా పక్కన కాదు!"

"గోడ బాగా కట్టినారు, చూస్తా..."

పుష్పమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా మోపెడ్ ఆమె ముందునుంచి దూసుకుపోయింది. అల్లుడు పోయాడు, కూతురు పోయింది, తాళ్లతో బిగించిన పెట్టె కూడా పోయింది. "ఇదేనే ఇల్లు! ఎలీషబా! ఇటూ!" అని ఆమె రోడ్డు మధ్యకు వచ్చి అరిచింది. ఎలీషబా వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి ఊపింది గానీ మాట ఆపలేదు. ఇప్పుడు ఆపితే ఎట్లా, ఇంకా మొదటి ఏడాదే పూర్తి కాలేదు.

పుష్పమ్మ కాసేపు చూసి, బకెట్‌లో నీళ్లు మొక్కకు పోసేసి, లోపలికి పోయి కూతురి పళ్లెం తీసేసింది.

దిగువమెట్ట దాటగానే ఘాట్ రోడ్డు మొదలైంది. రెండు పక్కలా నల్లమల చెట్లు కమ్ముకున్నాయి, రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి లేచింది. ఎలీషబా పెళ్లిచూపుల దగ్గరికి వచ్చింది. ఆ రోజు కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఒక్కసారి కూడా తనవైపు చూడలేదని, ఆ మాటకొస్తే ఈ సంబంధం వద్దని అప్పుడే అనాల్సిందని...

"ఆగు, ఆగు" అన్నాడు ప్రభుదాస్ ఆమె మాటకు అడ్డం పడి. "నువ్వు చెప్పింది చాలు. ఇది నన్ను చెప్పనీ."